జతలుగా కొట్టుకునే నాడి

కిందటి వారం ఆనందమ్మను చిత్తూరులో బొగ్గు కాల్చి నడిపే బస్సు ఎక్కించి వదిలేశాను. ఆ బస్సు కథ చెప్పాలంటే ఇంకో వారం పడుతుంది కనుక చెప్పను. మిట్ట వచ్చినప్పుడల్లా జనం దిగి తోశారు, పల్లం వచ్చినప్పుడు మళ్లీ ఎక్కారు. పొద్దున తొమ్మిదికి నగరి చేరవలసిన మనిషి పదకొండున్నరకు చేరింది.

మధ్యలో వచ్చి కూర్చున్న పాఠకుల కోసం రెండు ముక్కలు చెప్పక తప్పదు. ఆనందమ్మ మిషన్ ఆస్పత్రిలో నర్సు. వయసు ముప్పై ఒకటి. పలమనేరులో ఉపదేశిగా బతికి, ఊరూరా నడిచి ప్రార్థనలు చెప్పిన నాయన జయరావు పోయాడని తంతి వస్తే వెళ్లింది. మట్టి చేసి, ఐదు రోజులకు తిరిగి వస్తోంది. ముప్పై ఏళ్లు ఊళ్లవాళ్ల చావులన్నిటికీ నిలబడ్డ మనిషి చావుకు పదకొండు మంది వచ్చారు. అందులో ఇద్దరు గొయ్యి తవ్వినవాళ్లు. తల్లి ఎప్పుడో పోయింది, తోడబుట్టినవాళ్లు లేరు. ఆమెకు ఈ లోకంలో మిగిలింది ఒక రేకు పెట్టె, డాక్టరమ్మ పాతదని ఇచ్చేసిన స్టెతస్కోపు, సెకన్ల ముల్లున్న గడియారం. వాటికి తోడు, నగరి నేతవీధిలో ఒక రోగి.

ఆ రోగి చౌడేశ్వరి. నాలుగు మగ్గాలున్న కోదండం భార్య. ఇరవై ఆరేళ్లు. పదేళ్ల పిల్లగా ఉన్నప్పుడు కీళ్ల జ్వరం వచ్చింది. కీళ్లు బాగయ్యాయి గానీ, జ్వరం పోతూ పోతూ గుండెలో ఎడమ పక్క ఉన్న ఒక కవాటాన్ని బిరుసు చేసి పోయింది. ఊపిరితిత్తుల్లో శుభ్రపడిన రక్తం ఆ కవాటం దాటితేనే ఒంటికి అందుతుంది. అది సగమే తెరుచుకుంటే రక్తం వెనక్కి నిలిచిపోతుంది. ఊపిరాడదు, కాళ్లు వాస్తాయి, గుండె లయ తప్పి ఇష్టం వచ్చినట్టు కొట్టుకుంటుంది. దానికి డాక్టరమ్మ డిజిటాలిస్ అనే మందు రాసింది. పూటకు పదిహేను చుక్కలు, మూడు పూటలా. ఆ మందు గుండెను నిదానపరుస్తుంది, బలంగా కొట్టిస్తుంది. ఎక్కువైతే ఆపేస్తుంది కూడా. ఒంట్లోంచి తొందరగా పోయే రకం కాదు, రోజురోజూ కాస్త మిగిలి పోగవుతుంది. అందుకని చుక్కలు వేసే ముందు ప్రతిసారీ నిమిషం పాటు నాడి లెక్కపెట్టాలి. అరవైకి తగ్గితే వెయ్యకూడదు. ఎండలకు డాక్టరమ్మ కొడైకెనాల్ వెళ్లిపోతూ, చౌడేశ్వరిని ఇంటికి పంపి, ఆనందమ్మను కనిపెట్టుకుని ఉండమని వెంట పంపింది.

తంతి వచ్చిన సాయంత్రం ఆనందమ్మ కోదండాన్ని కూర్చోబెట్టి నాడి చూడటం నేర్పింది. మగ్గం మనిషికి మగ్గం భాషలోనే చెప్పింది. మగ్గంలో అటూ ఇటూ పరుగెత్తే నాడె పోయిన దారినే వెనక్కి వస్తుంది, రక్తం అలా రాకూడదు, ఒక దారిన పోయి ఇంకో దారిన రావాలి, మధ్యలో కవాటాలు దాన్ని వెనక్కి రానివ్వకుండా కాపలా కాస్తాయి అన్నది. అతను తల ఊపాడు. మణికట్టు దగ్గర ఎక్కడ వేళ్లు పెట్టాలో ఒక్కసారి చూపిస్తే పట్టేశాడు. చీకట్లో తెగిన పోగును వేలి కొసతో వెతికి ముడి వేసే మనిషికి నాడి దొరక్కపోతుందా. అరవైకి తగ్గితే ఆపు అన్న మాట నాలుగుసార్లు చెప్పించుకుని, సెకన్ల ముల్లు గడియారం అతని చేతిలో పెట్టి ఆమె బస్సెక్కింది.

ఇదీ జరిగింది. ఇక ఈ వారం సంగతి.

ఇంట్లో అడుగుపెడుతూనే ఆనందమ్మకు ఏదో తేడా తెలిసింది. ఎప్పుడూ ముఖం ముడుచుకుని ఉండే అత్తగారు గంగులమ్మ ఎదురొచ్చి నవ్వింది. తిన్నె మీద ఒక పెద్దమనిషి కూర్చుని వక్కలు నములుతున్నాడు. గంగులమ్మ తమ్ముడు చిన్నబ్బ, పుత్తూరులో ఉంటాడు, ఏదో పని మీద పొద్దున రైల్లో వచ్చాడట. ఏ పనో ఎవరూ చెప్పలేదు. కోదండం మగ్గం గుంటలోంచి లేచి వచ్చి, పోయిన పని అయిందా నర్సమ్మా అని అడిగాడు. అయిందన్నది ఆమె. పని అనే మాటలో ఒక తండ్రి చావు ఇమిడిపోయింది. అతను చెడ్డవాడై కాదు, తంతిలో ఏముందో ఆమె ఎవరికీ చెప్పలేదు. జబ్బుగా ఉన్నాడని మాత్రం చెప్పింది. ఈ ఇంట్లో ఆమెకు పక్క గదిలో చాప వేస్తారు, విస్తరాకులో అన్నం పెట్టి గడప బయట ఉంచి పోతారు. రోగి మణికట్టు పట్టుకోవచ్చు గానీ నీళ్ల కడవ ముట్టకూడదు. అలాంటి చోట చావు సంగతి ఎవరికి, ఏమని చెప్పుకుంటుంది?

గంగులమ్మ ఆగలేకపోయింది. కోడలికి మూడు రోజులుగా అన్నం సయించటం లేదని, నీళ్లు తాగినా వాంతి అవుతోందని, తను రెండు చేతులా మొక్కుకున్నది ఊరికే పోలేదని, తొమ్మిదేళ్ల తర్వాత అమ్మవారు కళ్లు తెరిచిందని ఒక్క గుక్కలో చెప్పేసింది. ఈ గుండెతో కానుపు ప్రమాదమని డాక్టరమ్మ చెప్పిన మాట ఆమె చెవిన పడనే లేదు. అప్పుడే పేరు కూడా అనుకుంటోంది. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అని ఊరికే అన్నారా పెద్దలు. ఆనందమ్మ మాత్రం నవ్వలేదు. మూడు రోజులుగా వాంతులు అన్న మాట దగ్గరే ఆమె మనసు ఆగిపోయింది. లెక్కలు ఎక్కడ రాశావన్నా అని కోదండాన్ని అడిగింది.

అతను తలుపు వెనక సుద్దతో గీసిన గీతలు చూపించాడు. పూటకొక వరస. వాటిని చూపిస్తుంటే అతని ముఖంలో బడిలో పలక చూపించే పిల్లవాడి వెలుగు ఉంది.

"మొదటి రెండు దినాలు నా వల్ల కాలేదు నర్సమ్మా," అన్నాడు. "ఒకటి కొడితే ఇంకోటి యాడుండాదో తెలీదు, సిక్కుబడిన నూలు మాదిరి. మూడో దినం నుంచి సక్కబడినాది. జతలు జతలుగా వస్తా ఉండాది. అచ్చులో పోగులు పట్టినట్లే. నలభై జతలు, అంటే ఎనభై. ఒక్క పూట గూడా మందు తప్పలేదు."

నేత ఎరగనివాళ్లకు ఒక మాట. మగ్గం మీద అచ్చు ఉంటుంది, దువ్వెన లాంటిది. దాని ఒక్కో సందులోంచి రెండేసి పోగులు పోతాయి. నేతవాళ్లు పోగులు లెక్కపెట్టేటప్పుడు ఒకటి ఒకటిగా లెక్కపెట్టరు. జతకొక అంకె చెప్పి చివర రెట్టింపు చేస్తారు. చిన్నప్పటి నుంచి అదే అలవాటు. కోదండం నాడినీ అలాగే లెక్కపెట్టాడు. నాడి తనంతట తానే జతలుగా కొట్టుకోవటం మొదలుపెట్టేసరికి అతనికి ప్రాణం లేచివచ్చింది. భార్య గుండె దారికొచ్చిందనుకున్నాడు.

ఆనందమ్మ సుద్ద గీతల వంక చూస్తూ ఉండిపోయింది. ఎనభై, ఎనభై, ఎనభై. లెక్కలో తప్పు లేదు. అరవైకి తగ్గలేదు. తను చెప్పింది చెప్పినట్టు చేశాడు. నర్సు చదువు మొదటి ఏడాదిలోనే నేర్పుతారు, నాడిలో చూడవలసినవి మూడు అని: ఎన్ని, ఎంత బలంగా, ఎంత సమంగా. తొందరలో ఆమె అతనికి మొదటిదే చెప్పింది. మిగతా రెండూ చెప్పటానికి ఇంకో పావుగంట పట్టేది. ఆ పావుగంట కూడా బస్సు తప్పిపోతుందనే భయంతో ఇవ్వలేదు. వెళ్లి మాత్రం నాయన ముఖం చూసిందా అంటే అదీ లేదు, శవపెట్టె మూసేశాక చేరింది.

రెండు గంటల పూట మందు తను వచ్చాకనే వెయ్యాలని చెప్పి, గడియారం తీసుకుని ఆమె రోగి గదిలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసింది.

చౌడేశ్వరి మూడు తలగడల మీద ఆనుకుని కూర్చుని ఉంది. కాళ్ల వాపు తగ్గింది. ముఖం పీక్కుపోయింది. ఆనందమ్మను చూసి నవ్వబోయి, కళ్లు చికిలించింది.

"ఏందక్కా," అన్నది నీరసంగా, "ఎప్పుడూ తెల్లకోకే కట్టేదానివి, ఈపొద్దు పసుపుకోక కట్టుకొని వచ్చినావు?"

ఆనందమ్మ తన చీర చూసుకుంది. తెల్లచీరే. బస్సు మసి కాస్త అంటింది తప్ప ఎప్పటి తెలుపే. అక్కడితో ఆమెకున్న కొద్దిపాటి అనుమానమూ తీరిపోయింది. అలాగే ఇంకేమైనా పచ్చగా కనిపిస్తోందా అని అడిగింది. కిటికీలో ఉన్న తెల్లనూలు కండెలకు ఎవరో పసుపు అద్దారని, నిన్న అంటే మొగుడు నవ్వాడని, అత్త మాత్రం వేవిళ్లలో అలాగే ఉంటుందని అన్నదని చౌడేశ్వరి చెప్పింది.

ఆనందమ్మ స్టెతస్కోపు చెవులకు పెట్టుకుంది. రొమ్ము కింద ఎడమ పక్క గొట్టం కొస ఆనించి, రెండో చేత్తో మణికట్టు పట్టుకుంది. గుండె దగ్గర ఒక గట్టి దెబ్బ, దాని వెన్నంటే తొందరపడి ఒక చిన్న దెబ్బ, తర్వాత ఎడం. మళ్లీ గట్టిది, చిన్నది, ఎడం. నిమిషానికి ఎనభై. మణికట్టు దగ్గర మాత్రం గట్టివే స్పష్టంగా అందుతున్నాయి. చిన్నవి ఉన్నాయో లేవో అన్నట్టు వేలికింద సన్నగా కదిలి పోతున్నాయి. గుండె నిండకముందే కొట్టిన దెబ్బలు అవి. వాటితో రక్తం పెద్దగా ముందుకు పోదు. ఒంటికి అందే రక్తం లెక్క చూస్తే ఆ గుండె నలభై సార్లే కొట్టుకుంటున్నట్టు. డిజిటాలిస్ ఒంట్లో మితిమీరిందని చెప్పే గుర్తుల్లో ఇది ముఖ్యమైనది. ఆస్పత్రిలో ఒక్కసారే చూసింది. ఆ రోగి మంచం మర్నాటికి ఖాళీ అయింది.

ఇక్కడ ఒక సంగతి ఆమెను నిలువునా కోసింది. చేయి మొద్దుగా ఉన్న మొగుడైతే ఆ సన్నటి దెబ్బలు తెలిసేవే కావు. నలభై లెక్కపెట్టి, అరవైకి తగ్గిందని మూడు రోజుల కిందటే మందు ఆపేసేవాడు. కోదండం వేళ్లు అంత నేర్పుగలవి కాబట్టే అందినవన్నీ లెక్కలోకి వచ్చాయి.

ఆమె చౌడేశ్వరికి దాచకుండా చెప్పింది. వాంతులు, పచ్చచూపు, జతల నాడి మూడూ మందు వల్లే. తప్పు కోదండానిది కాదు, తనది. ఇప్పుడే మందు ఆపాలి, కదలకుండా పడుకోవాలి. నాలుగైదు రోజుల్లో వాంతులు తగ్గుతాయి, చూపు తేటపడుతుంది. ఇంకొక్క పూట వేసినా గుండె ఏ నిమిషాన ఆగుతుందో ఎవరూ చెప్పలేరు. చెప్పటం అయ్యాక, కడుపు సంగతి నీకు తెలుసా అని నెమ్మదిగా అడిగింది.

చౌడేశ్వరి కిటికీ వైపు చూస్తూ చెప్పింది. "రెండు తూర్లు కడుపు నిలిచి జారిపోయినాదక్కా నాకు. అదెట్లుంటాదో తెలీదా? ఇది అది కాదు. మొదటి దినమే తెలుసు."

"తెలిసి ఎందుకు చెప్పలేదమ్మా?"

గూట్లో చేతికందేంత దూరంలో మందు సీసా ఉంది. ఆనందమ్మ లేచేలోపల ఆ పిల్ల చెయ్యి చాపి దాన్ని తీసుకుని రెండు చేతులా రొమ్ముకు ఆనించి పట్టుకుంది. ఆనందమ్మ చెయ్యి ముందుకు పోయి ఆగిపోయింది. లాక్కోవచ్చు. పిచ్చుక బలం కూడా లేదు ఆ చేతుల్లో. కానీ ఒక్క పెనుగులాట చాలు, ఆ గుండె తట్టుకోదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. మందు ప్రాణం తీస్తుంది, మందును లాక్కోబోయినా తీస్తుంది. అందుకని ఆమె మంచం పక్కన నేల మీద కూర్చుంది. మాటలతో తప్ప ఆ సీసా రాదు.

మాటలు చౌడేశ్వరే మొదలుపెట్టింది. తిన్నె మీద కూర్చున్న చిన్నబ్బ ఎందుకు వచ్చాడో చెప్పింది. పుత్తూరులో ఒక పిల్లను చూశారు, కోదండానికి రెండో పెళ్లి. కోదండం వద్దన్నాడు, తల్లి రెండు రోజులు పస్తు పడుకుంటే ఊరుకున్నాడు. ఈ శుక్రవారం తాంబూలాలు. అంతలో ఈ వాంతులు వచ్చాయి. ఆ రోజు నుంచి గంగులమ్మ కోడలి తల తన ఒళ్లో పెట్టుకుని దువ్వుతోంది. వాంతి చేసుకుంటే తన కొంగే పడుతోంది. చిన్నబ్బను రెండు రోజులు ఆగమని కబురంపింది. ఆయన ఆగలేక, నిజమో కాదో తేల్చుకుపోదామని పొద్దునే వచ్చి కూర్చున్నాడు.

"ఈ ఇంట్లోకొచ్చి తొమ్మిదేండ్లు," అన్నది. "తిన్నావా అని నన్ను అడిగింది ఈ మూడు దినాలే. మా ఆయన నా చెయ్యి ఇంతసేపు పట్టుకున్నది గూడా ఈ లెక్క కోసరమే. మందు ఆపితే వాంతులు ఆగిపోతాయి అంటివే. వాంతులు ఆగిపోతే నాకేముండాదక్కా ఈడ?"

చచ్చిపోతావు అన్నది ఆనందమ్మ. అంతకంటె మెత్తని మాట ఆ క్షణాన ఆమెకు దొరకలేదు.

చౌడేశ్వరి తల ఊపింది, తెలుసన్నట్టు. తర్వాత బేరం పెట్టింది. సీసా ఇస్తాను, ఒక్క చుక్క ముట్టను. దానికి బదులు అత్త అడిగితే అవును, కడుపే అని నువ్వు చెప్పాలి. నేను చెబితే నమ్మకపోవచ్చు, నువ్వు చెబితే చిన్నబ్బ మామ మధ్యాహ్నం రైలుకు వెళ్లిపోతాడు. ఐదు రోజులకు వాంతులు తగ్గాక నిజం బయటపడదా, అప్పుడేం చేస్తావని ఆనందమ్మ అడిగింది.

"ఐదు దినాలు సాలు నాకు," అన్నది చౌడేశ్వరి.

మగ్గాల చప్పుడు గోడ అవతల నుంచి వస్తోంది. ఐదు రోజులు చాలు అన్న మాట ఆనందమ్మకు కొత్తది కాదు. పలమనేరులో నాయన పెట్టె పక్కన కూర్చుని తనూ ఇలాంటిదే అనుకుంది. పోకముందే ఎప్పుడైనా వచ్చి ఉంటే, ఒక్క గంట, ఆయన కళ్లు తెరిచి చూసి ఉంటే చాలునని. ప్రేమ దొరకనివాళ్ల లెక్కలు ఇలాగే ఉంటాయి, కొంచెమే అడుగుతారు. అబద్ధమాడిన నోటితో ప్రార్థన చెయ్యకే తల్లీ అని నాయన చెప్పేవాడు. ఆయన ఆడలేదు, నిజమే. ఆయన చేతిలో ఎవరూ ఇలాంటి సీసా పట్టుకుని బేరం పెట్టనూ లేదు.

సరేనన్నది. సీసా చేతికి వచ్చింది. చౌడేశ్వరి వేళ్ల చెమట దాని మీద ఇంకా తడిగా ఉంది. తలగడలు సర్ది, కదలొద్దని, లేవొద్దని, నవ్వు వచ్చినా ఏడుపు వచ్చినా అణుచుకోవాలని చెప్పి, సీసా మూట కట్టి తన రేకు పెట్టెలో పెట్టి తాళం వేసింది. అప్పుడు నడవలోకి వచ్చింది.

గంగులమ్మ అక్కడే కాచుకుని ఉంది. చిన్నబ్బ కూడా తిన్నె దిగి గడపలోకి వచ్చాడు. ఎన్నో నెల నర్సమ్మా అని గంగులమ్మ అడిగింది. అవునా కాదా అని కూడా అడగలేదు, నెల అడిగింది.

రెండో నెల అని ఆనందమ్మ చెప్పింది. అబద్ధం ఇంత సులువుగా వస్తుందని ఆమె అనుకోలేదు. కళ్లు తిరగటం, వాంతులు ఎక్కువగా ఉన్నందువల్ల గుండె మందు ఇప్పుడు వెయ్యకూడదు, మళ్లీ తను చెప్పేదాకా ఎవరూ ముట్టకూడదు అని దానికి కలిపింది. అబద్ధం పక్కన ఒక నిజాన్ని కూర్చోబెట్టి రెండింటినీ ఒకే గొంతుతో చెప్పింది.

గంగులమ్మ ఏడ్చింది. ఏడుస్తూ వచ్చి ఆనందమ్మ రెండు చేతులూ పట్టుకుంది. ఇరవై రోజులుగా విస్తరి నేల మీద పెట్టి జరిగిపోయిన మనిషి, మడి ఆచారం అన్నీ మరిచిపోయి, మొరటు చేతులతో గట్టిగా పట్టుకుని వదల్లేదు. అప్పుడు గుర్తుకొచ్చింది ఆమెకు.

"మీ నాయనకు ఒళ్లు బాగలేదని గదా పోయినావు," అన్నది. "ఎట్లుండాడు తల్లీ?"

"పోయినాడమ్మా."

అయ్యో నా తల్లీ, ఒక్క మాటైనా అనకుండా వచ్చి పనిలో దిగినావా అని గంగులమ్మ కొంగుతో ఆమె ముఖం తుడిచింది. ఆనందమ్మకు తను ఏడుస్తున్నట్టు అప్పుడే తెలిసింది. ఐదు రోజులుగా రాని ఏడుపు అది. తుడిచే చెయ్యి కోసం ఆగి ఉన్నట్టుంది. ఆ చెయ్యి అబద్ధానికి దొరికిన కూలి అని తెలుసు. తెలిసీ ముఖం వెనక్కి తీసుకోబుద్ధి కాలేదు. గదిలో ఉన్న పిల్ల సీసాను ఎందుకంత గట్టిగా పట్టుకుందో ఇప్పుడు ఎవరూ చెప్పనక్కర్లేదు.

చిన్నబ్బ దగ్గాడు. ఆయనకు ఏడుపులతో పని లేదు, రైలుతో పని. పిల్ల తండ్రి మొండిమనిషి, తాంబూలాలు వద్దని నోటి మాట మోసుకుపోతే నమ్మడు, మీ అక్క మనసు మార్చుకుందని పదిమందిలో రచ్చ చేస్తాడు అన్నాడు. ఏదైనా ఆధారం ఉండాలన్నాడు.

"నర్సమ్మను ఆస్పత్రి కాగితం మీద రాసీమనక్కా," అన్నాడు. "రెండో నెల అని రాసి, కింద చేవ్రాలు. అది చూపిస్తే నోరెత్తడు వాడు."

అదీ నిజమే అనిపించింది గంగులమ్మకు. కోదండం అప్పటిదాకా మగ్గాల గది గుమ్మంలో నిలబడి ఉన్నాడు. తల్లి చెప్పకముందే లోపలికి పోయి సిరాబుడ్డి, కలం తెచ్చాడు. రెండో పెళ్లి తప్పిపోతోందన్న సంతోషమో, బిడ్డ సంతోషమో అతనికే తెలియదు. ఆనందమ్మ ముందు పీట వేసి, కలం సిరాలో ముంచి, కొస తన వైపు పెట్టుకుని పిడి ఆమెకు అందించాడు. నా లెక్క బాగుండాదా నర్సమ్మా అని మెల్లగా అడిగాడు. ఆమె తల ఊపింది.

పెట్టెలోంచి కాగితం తీసింది. పైన ఆస్పత్రి పేరు అచ్చువేసి ఉంది. కింద గళ్లు: తేదీ, నాడి, ఊపిరి, వేడి, నర్సు చేవ్రాలు. పదేళ్లలో ఆ గళ్లలో తను లెక్కపెట్టని అంకె ఒక్కటి రాయలేదు. తోటి నర్సులు నిద్రమత్తులో కాకిలెక్కలు వేస్తే కొట్లాడి దిద్దించిన మనిషి. నోటి మాట గాలికి పోతుంది. ఇది పుత్తూరు పోతుంది, అక్కడి నుంచి చిత్తూరు పోతుంది, ఏదో ఒకనాడు డాక్టరమ్మ బల్ల మీదికీ పోతుంది. ఆ రోజుతో ఉద్యోగం, ఈ తెల్లచీర, మెడలో గొట్టం అన్నీ ఆఖరు. అవి పోతే ఆనందమ్మ అనే మనిషి ఎవరని అడిగితే చెప్పటానికి లోకంలో ఒక్కరూ లేరు. రాయనంటే చిన్నబ్బకు అనుమానం వస్తుంది. అనుమానం గదిలోకి పోతే ఆ గుండె ఏమవుతుందో ఆమె ఒక్కదానికే తెలుసు.

తేదీ వేసింది. చౌడేశ్వరి, కోదండం భార్య, నగరి అని రాసింది. మళ్లీ కలం ముంచింది. చిన్నబ్బ మెడ సాచి చూస్తున్నాడు.

వెనక తలుపు కిర్రుమన్నది. కోదండం ముందుగా చూశాడు. ఆనందమ్మ తిరిగి చూసింది. ఇరవై రోజులుగా మంచం దిగని చౌడేశ్వరి గడప దగ్గర నిలబడి ఉంది. రెండు చేతులా తలుపు చెక్క పట్టుకుని ఉంది. పెదవులు నీలంగా ఉన్నాయి. తండ్రి చావు మాట, కాగితం మాట, అన్నీ లోపలికి వినిపించాయి కాబోలు.

"రాయొద్దక్కా," అన్నది ఎగశ్వాసతో. "నీ చేత రాయించను. మా అత్తతో నేనే సెప్పుకుంటా."

ఆనందమ్మ కలం పడేసి లేచింది. ఆమె కంటె గంగులమ్మే ముందు పరుగెత్తింది. వెళ్లి కోడలి నడుము చుట్టూ చెయ్యి వేసి, తల తన భుజం మీదికి ఆనించుకుంది.

"నా మీద బరువు వెయ్యి, పడిపోతావు," అన్నది గంగులమ్మ. "ఇప్పుడు సెప్పు. ఏంది నాతో సెప్పాల్సింది?"